బూటకపు ఈగ, నిజమైన చేప

తొలకరి వాన కురిసి వెలిసిన సాయంకాలమున మేడ్చలు, షామీర్‌పేట ప్రాంతముల పుట్టలనుండియు, నేల పగుళ్ళనుండియు ఉసిళ్ళు వేలకొలదిగ వెలువడును. ఇండ్లలో దీపములచుట్టు మూగి, తెల్లవారునప్పటికి గచ్చుమీద రెక్కలకుప్పలు విడిచిపోవు పురుగు లివియే. ఇవి చెదపురుగుల జాతిలోని రెక్కల ఆడమగలు. క్రొత్త పుట్టలు పెట్టుకొనుటకై ఇల్లు విడిచి బయలుదేరినవి. చెరువు సమీపమున లేచినవానిలో కొన్ని గాలికి కొట్టుకొనివచ్చి నీటిపై పడును. నాలుగు రెక్కలును నీటికి అంటుకొనిపోవుటచే మరల లేవజాలక అక్కడనే గిలగిల కొట్టుకొనును. ఆ సమయమున నీటి పై పొర అంతయు చిన్న చిన్న వలయములతో నిండిపోవును. ఒక్కొక్క వలయము ఒక్కొక్క చేపనోరు.

గట్టుమీద గాలము వేసి కూర్చున్నవానికి ఇది ఊరించు దృశ్యము. వానపామును గ్రుచ్చిన గాలము బెండుక్రింద అడుగున వ్రేలాడుచుండును; చేపలు మాత్రము పై పొరను మేయుచుండును. సరే, ఉసిలినే గ్రుచ్చి వేయుద మనుకొన్నచో అది గాలపు మొన తగులగనే చిట్లిపోవును. ఒకవేళ నిలిచినను, ఇనుపముక్కతో కలిసి మునిగిపోవును. ఈ చిక్కునకు మానవుడు చాలకాలము క్రిందటనే ఒక ఉపాయము కనిపెట్టినాడు: పురుగును గ్రుచ్చుట మాని, గాలమునే పురుగుగా వేషము కట్టించుట.

క్రీస్తుశకము 200 ప్రాంతమున జీవించిన రోమను రచయిత క్లాడియస్ ఏలియానస్ మాసిడోనియా దేశపు నదిలో జాలరులు చేయు ఇట్టి పనినే వర్ణించినాడు. వారు గాలమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు తమ్మెల క్రింద పెరుగు మైనపువన్నె ఈకలు రెంటిని దానికి కట్టెడివారట. 1496లో ఇంగ్లండున అచ్చయిన చేపలవేట గ్రంథమొకటి పండ్రెండు విధముల ఈకల ఈగలను, వానిని వాడదగిన నెలలతో సహా పేర్కొన్నది. ఆ విద్య అక్కడ ముఖ్యముగ ట్రౌటు అను చేపకొరకు పెరిగినది. మన దేశమున గాలపు వేటపై ఇంగ్లీషువారు వ్రాసినవానిలో పేరుపొందినవి మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగియగు హెన్రీ సల్లివన్ థామసు గ్రంథములు. 1873లో వెలువడిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ తరువాత, 1887లో ఆయన కేవలము చెరువుల వేటకై ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అను వేరొక పుస్తకము వ్రాసినాడు. చెరువులో గాలము వేయుటకు ప్రత్యేకముగ ఒక పుస్తకము కావలసెనా యని అడుగవచ్చును. కావలెను. చెరువు వేరు, సెలయేరు వేరు. వానిలోని చేపల బ్రతుకును వేరు.

ట్రౌటు చలినీటి చేప. గోధుమవన్నె ట్రౌటు ఐరోపాది; ఇంద్రధనుస్సు ట్రౌటు ఉత్తర అమెరికా పడమటి తీరమునది. ఇంగ్లీషువారు వీనిని మన కొండలకు తెచ్చి పెంచజూచిరి. ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు 1863లో నీలగిరులకు తెచ్చుటకు చేసిన ప్రయత్నము విఫలమైనది. కాశ్మీరమున 1900లో ప్రయత్నము ఫలించినది. నీలగిరులలో హెన్రీ చార్లెస్ విల్సన్ అను మత్స్యనిపుణుడు 20వ శతాబ్దపు తొలి దశకమున అవలాంచి అనుచోట గ్రుడ్లను పొదిగించి కృతకృత్యుడైనాడు. మేడ్చలు పాఠశాలలోని విద్యార్థికి ట్రౌటును దాని నీటిలోనే చూడవలెనని కోరిక కలిగినచో పోదగిన దగ్గరి చోట్లు నీలగిరులు, మున్నారు కొండలు. షామీర్‌పేట చెరువులో దానిని విడిచినచో ఒక్క వేసవియైనను దాటదు.

ఏలయన, నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండగల ఆక్సిజన్ తగ్గిపోవును. సముద్రమట్టమున లీటరు నీటిలో 10 డిగ్రీల సెంటిగ్రేడువద్ద 11.3 మిల్లిగ్రాముల ఆక్సిజన్ ఇమిడియుండును. 20 డిగ్రీలవద్ద 9.1, 30 డిగ్రీలవద్ద సుమారు 7.5. దక్కను పీఠభూమిపై గాలిపీడనము కొంత తక్కువ కావున మన చెరువులలో ఈ అంకె సుమారు 7కు దిగును. రాత్రివేళ నాచు, నీటిమొక్కలు కూడ ఆక్సిజన్‌నే వాడుకొనును గనుక తెల్లవారుజామునకు అది ఇంకను తగ్గును. మరొకప్రక్క, ఒడలి ఉష్ణోగ్రత నీటితోపాటు మారు చేపకు 10 డిగ్రీలు పెరిగినచో ఆక్సిజన్ అవసరము ఇంచుమించు రెట్టింపగును. ఆదాయము తగ్గుచుండగా ఖర్చు పెరుగుచుండిన సంసారమువంటిదే ఇది. 20 డిగ్రీలు దాటిననాటినుండి ట్రౌటు ఇబ్బంది పడును. 25 డిగ్రీల ప్రాంతమున దాని ప్రాణమునకే ముప్పు. మన చెరువుల పైనీరు వేసవిలో 30 డిగ్రీలు సులభముగ దాటును.

ఆ నీటిలోనే కొరమీను హాయిగ బ్రతుకును. 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర చేపగా ప్రకటించినది దీనినే. దాని మొప్పలకు పైభాగమున గాలిని నింపుకొను గది యొకటి కలదు. అది నీటిపైకి వచ్చి నోటితో గాలి గ్రుక్కెడు తీసికొని మరల మునుగును. బజారులో కొరమీను చారెడు నీటి తొట్టిలో గంటలకొలది బ్రతికియుండుటకు కారణమిదియే. పైకి రానీయక వలతో అడ్డగించినచో, ఎంత మంచినీటిలోనైనను ఊపిరాడక చచ్చును. చేప నీటిలో మునిగి చచ్చుట వింతగా తోచవచ్చును గాని నిజము.

కావున ఎర ఎన్నికకు మొదటి ప్రశ్న ఈ నీటిలో ఎవరు కాపురమున్నారన్నది. రెండవది, ఆ చేప మేతను ఏ ఇంద్రియముతో గుర్తించును అన్నది. ఈ రెండవదానిని పలువురు వేటగాండ్రు మరచిపోవుదురు.

షామీర్‌పేటవంటి చెరువులలో పెంచు బొచ్చె, రవ్వ, మృగాల చేపలను చూడుడు. బొచ్చె పైనీటిలో తిరుగుచు, పైకి తిరిగిన పెద్దనోటితో నీటిని త్రావి, అందలి సూక్ష్మజంతు ప్లవకములను మొప్పల జల్లెడతో వడకట్టుకొనును. రవ్వ నడిమి నీటిలో నాచు, కుళ్ళుచున్న ఆకు మేయును. మృగాల అడుగు బురదను కెలకును. వడకట్టి తినువానికి, బురద కెలకి తినువానికి ఈకల ఈగ ఎంత చక్కగా కట్టినను దానితో పనిలేదు. ఇట్టి చేపలకు వాసనయు రుచియు ముఖ్యము. ఆహారమునుండి నీటిలోనికి ఊరు ఆమినో ఆమ్లములను ఇవి మిక్కిలి తక్కువ మోతాదులో గూడ పసిగట్టగలవు. గట్టుమీది పెద్దలు తవుడు, తెలగపిండి, మైదా కలిపి, వాసనద్రవ్యములు చేర్చి ముద్దచేయుట శాస్త్రసమ్మతమే. జెల్లలు, వాలుగలు మీసపు చేపలు. వాని మీసములపై, నాలుకపై వలెనే, రుచిమొగ్గలు కలవు. అవి చీకటిలోను బురదలోను మీసముతో రుచిచూచుచు పోవును.

కొరమీనుది వేరు పద్ధతి. అది గడ్డిలో పొంచియుండి మీద పడు వేటకత్తె. దానికి కదలిక కావలెను. కంటితోపాటు, ప్రక్కల తలనుండి తోకవరకు పోవు పార్శ్వరేఖ అను ఇంద్రియముతో నీటి అదురును గ్రహించును. చెరువునీరు మడ్డిగానున్నప్పుడు కన్ను కొద్దిదూరమే చూడగలదు. పార్శ్వరేఖకు మడ్డితో నిమిత్తము లేదు, అయితే అదియు శరీరపు పొడవునకు ఒకటి రెండు రెట్ల దూరములోపలనే బాగుగ పనిచేయును. కాబట్టి కొరమీనుకు రంగురంగుల ఈగకన్న, నీటిమీద తపతప కొట్టుకొను కప్ప మేలు.

ట్రౌటు కంటి చేప. నిర్మలమైన సెలయేటిలో ఒక రాతిమాటున ప్రవాహమునకు ఎదురుగ నిలిచి, నీరు మోసికొనివచ్చు పురుగులను ఏరుకొని తినును. మేతకై తిరుగదు, మేతయే దానియొద్దకు వచ్చును. ఒక్కొక్క పురుగు కంటిముందు నిలుచునది కొద్ది క్షణములే. ఆలోపల తినదగునా, తగదా అని తేల్చుకొనవలెను. ఇట్టిదానిని మోసగించుటకు దాని కంటికి పురుగు ఎట్లు కనబడునో తెలిసికొనవలెను. అది మన కంటికి కనబడునట్లు కనబడదు.

నీటిలోపలినుండి పైకి చూచు కంటికి ఆకాశమంతయు నెత్తిపైనున్న ఒక గుండ్రని కిటికీలో ఇమిడిపోయి కనిపించును. కాంతి గాలినుండి నీటిలోనికి వచ్చునపుడు లంబమువైపు వంగుననియు, నీటి వక్రీభవన గుణకము 1.33 అనియు పదవ తరగతి విద్యార్థి ఎరుగును. దీనినిబట్టి నీటి సందిగ్ధకోణము సుమారు 48.7 డిగ్రీలు. దానికి రెట్టింపు, అనగా సుమారు 97 డిగ్రీల కోణముగల శంకువులోనే బయటి లోకమంతయు చేప కంటికి చేరును. ఆ కోణపు స్పర్శజ్య 1.14. కావున 30 సెంటీమీటర్ల లోతున నిలిచిన చేపకు కిటికీ వ్యాసార్థము 34 సెంటీమీటర్లు, వ్యాసము 68 సెంటీమీటర్లు. చేప పైకి వచ్చినకొలది కిటికీ చిన్నదగును. కిటికీకి వెలుపలనున్న నీటి పై పొర ఏమైనట్లు? అది అద్దము. సంపూర్ణాంతర పరావర్తనమువలన అడుగునున్న రాళ్ళు, నాచు అందు ప్రతిబింబించును.

ఇప్పుడు ఒక ఈగ నీటిపై నిలిచి కొట్టుకొనివచ్చుచున్నదనుకొనుడు. అది కిటికీకి దూరముగ నున్నంతవరకు దాని ఒడలు చేపకు కనబడదు. దాని కాళ్ళు నీటి పొరను నొక్కినచోట ఏర్పడు చిన్న గుంటలు మాత్రము అద్దములో చుక్కలవలె మెరయును. ట్రౌటుకు అందు మొదటి వార్త ఈ మెరుపుచుక్కలే. ఈగ కిటికీ అంచును సమీపించినప్పుడు, వక్రీభవనము కారణముగ, ఒడలికన్న ముందు ఎత్తుగానున్న రెక్కల కొనలు కిటికీలో పొడసూపును. తరువాత రెక్కలు క్రిందికి దిగివచ్చి ఒడలితో కలియును. చుక్కలు, పిమ్మట రెక్కలు, పిమ్మట ఒడలు: ఇది వరుస. ఈగను కట్టువాడు మెడచుట్టు పుంజు ఈకను చుట్టి, దాని పోచలు నలుదెసల నిక్కబొడుచుకొనునట్లు చేయుట కాళ్ళ అందమునకు కాదు. నీటిపొరపై ఆ మెరుపుచుక్కలు పుట్టించుటకు. ఈ రహస్యము తెలియనివాడు కన్నులు, మీసములు, చారలు అన్నియు దిద్ది దుకాణములో కొనువానిని మోసగించు ఈగను కట్టును. చేపను మోసగించునది వేరు.

ఈ కిటికీ వేటగానికిని ఒక పాఠము చెప్పును. నీటిమట్టమునకు 10 డిగ్రీల ఎత్తువరకు నున్న గట్టుమీది దృశ్యమంతయు కిటికీ అంచున ఒక్క డిగ్రీకన్న తక్కువ సందులో నలిగిపోవును. అందుచే వంగి కూర్చున్నవాడు చేపకు ఇంచుమించు కనబడడు. నిలుచున్నవాడు చక్కగా కనబడును. కొంగకు ఈ లెక్క తెలియకపోయినను తెలిసినట్లే వర్తించును.

ఇక తేలుట. గాలము ఉక్కుది, దాని సాంద్రత నీటికి 7.8 రెట్లు. ఆర్కిమిడీసు సూత్రము చొప్పున అది మునుగవలసినదే. దానిని నిలుపునది నీటి తలతన్యత. పాఠశాలలో గిన్నెడు నీటిపై కాగితపు ముక్కను, దానిపై సూదిని ఉంచి, కాగితమును మెల్లగా ముంచివేసినచో సూది తేలియుండుట చూపుదురు. ఈగదియు అదే లెక్క. 25 డిగ్రీలవద్ద నీటి తలతన్యత మీటరునకు 72 మిల్లిన్యూటనులు. ఒక చిన్న ఈగ బరువు 0.05 గ్రాము అనుకొన్నచో అది సుమారు అర మిల్లిన్యూటను బలముతో నీటిని నొక్కును. భాగించి చూడగా, నీటిపొర ఆ ఈగను 7 మిల్లిమీటర్ల పొడవున అంటియుండినను చాలునని తేలును. ఇరువది పోచలు ఒక్కొక్కటి అర మిల్లిమీటరు మేర పొరపై ఆనినను బరువు ఆగును, పోచలు తడియనంతవరకు. పోచ తడిసినచో పొర దానిపైకి ఎగబ్రాకి ఈగను లోనికి లాగికొనును. సూది తేలుచున్న గిన్నెలో సబ్బునీటి చుక్క వేసిన ఏమగునో విద్యార్థులు చూచియే యుందురు. సబ్బు అంటిన చేతితో ఈగను ముట్టుకొనకూడదనుట ఇందువలననే.

పుంజు ఈకకు, పెట్ట ఈకకు గల భేదము ఇచ్చట పనికివచ్చును. ఈక పోచలకు ప్రక్కల సన్నని కొక్కెపు నూగు కలదు. దానివలననే పోచలు ఒకదానికొకటి అల్లుకొనును. పుంజు మెడ ఈకలలో ఈ నూగు తక్కువ, పోచ బిరుసు, నీరు పట్టదు. పెట్ట ఈకలో నూగు ఎక్కువ, పోచ మెత్తన. నీటిని పీల్చుకొని మునుగును. కావున తేలు ఈగకు పుంజు, మునుగు ఈగకు పెట్ట. బాతు తోకమూలమున నూనెగ్రంథిచుట్టు ఉండు మెత్తని ఈకలు కూడ తేలు ఈగలకు ప్రసిద్ధములు. కోడిపుంజులను ఈకల వన్నెనుబట్టి డేగ, కాకి, నెమలి, సేతువ యని విభజించు విద్య తెలుగునాట పందెములవారికి కరతలామలకము. పాశ్చాత్యులలో ఈగలు కట్టువారును మెడ ఈకలను సరిగ ఇట్లే వన్నెలవారీగ విభజించుకొని పేర్లు పెట్టుకొన్నారు. మన పందెగాడు వారి దుకాణమున నిలిచినచో పేర్లు తెలియకపోయినను సరకు తెలియును.

ఈ వ్యాపారమునకు చీకటి పార్శ్వము కూడ కలదు. దక్షిణ భారతపు అడవులలోని బూడిదవన్నె అడవికోడి పుంజు మెడ ఈకలపై మైనపు చుక్కలవంటి మచ్చలు ఉండును. వానికై ఆ పక్షిని చంపి తోళ్ళు విదేశములకు ఎగుమతి చేసెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది. నెమలి ఈక పోచ కూడ ఈగల ఒడలికి పేరుపడినదే. దాని పచ్చనిమెరుపు రంగుపదార్థముది కాదు. పోచ నూగులో మెలనిన్ కణికలు సుమారు 150 నానోమీటర్ల ఎడముతో జాలకమువలె అమరియుండుటచే కొన్ని తరంగదైర్ఘ్యముల కాంతియే తిరిగి వచ్చును. నెమలిని పట్టుటయు చంపుటయు నేరము. అది తనంత రాల్చిన ఈక యొకటి దొరకినచో వందల ఈగలకు సరిపోవును.

కట్టు విధము చెప్పుటకు మన ఉసిలినే నమూనాగ గైకొందము. గాలములను సంఖ్యలతో పిలుతురు; సంఖ్య పెరిగినకొలది గాలము చిన్నది. ఉసిలికి 12 లేదా 14 సంఖ్య గాలము సరిపోవును. గాలమును చిన్న పట్టుకారులో బిగించి, కాడపై సన్నని గోధుమవన్నె దారమును కంటినుండి వంపువరకు దగ్గర దగ్గరగ చుట్టవలెను. నున్నని ఉక్కుపై తరువాతి సామగ్రి జారకుండుట కిది పునాది. పిదప ఇటుకవన్నె ఉన్నిపీచును దారమునకు పులిమి, మెలిపెట్టి, వంపునుండి ముందునకు చుట్టిన ఒడలు ఏర్పడును. ఉసిలి రెక్కలు నాలుగును ఒకే కొలతవి, ఒడలికన్న పొడవైనవి, వెనుకకు పరచుకొని యుండును. కావున రెండు లేతవన్నె ఈకకొనలను ఒడలిపై చదునుగ, తోక దాటునట్లు, కట్టవలెను. రెక్కల మొదట పుంజు ఈకను కాడతో కట్టి మూడు నాలుగు చుట్లు చుట్టిన పోచలు చక్రమువలె విచ్చుకొనును. తలవద్ద దారముతో ముడివేసి చిన్న మైనపు చుక్క పెట్టిన ఉసిలి సిద్ధము.

మొదటిసారి కట్టువారు ప్రతి అంచెలోను ముడివేయజూతురు. అక్కరలేదు. గిత్తను పట్టువాడు పలుపును గుంజకు రెండు చుట్లు త్రిప్పి కొనను వ్రేలితో పట్టుకొన్నను గిత్త ఆగిపోవును. ఒక్కొక్క చుట్టు రాపిడిని కూడదు, గుణించును. రాపిడి గుణకము 0.3 అయినచో ఒక్క చుట్టునకు బలము 6.6 రెట్లు, మూడు చుట్లకు సుమారు 285 రెట్లు అగును. కాబట్టి మూడు నాలుగు చుట్ల దారము, కొనను వ్రేలాడు కండె బరువుతోనే, ఈకను కదలనీయదు. కడపట తలవద్ద వేయు ముడి ఒక్కటియే ముడి.

ఏ ఈగను కట్టవలెను అను ప్రశ్నకు ట్రౌటు వేటగాండ్రలో పెద్ద తగవు జరిగినది. ఇంగ్లండున ఫ్రెడెరిక్ హాల్ఫర్డ్ 1886లో తేలు ఈగలపై గ్రంథము వ్రాసి, పైన తేలుచున్న పురుగును అచ్చుగుద్దినట్లు అనుకరించుటయే పద్ధతి యన్నాడు. ఆయన శిష్యగణము దీనిని మతమువలె పట్టుకొన్నది. జి. ఇ. ఎమ్. స్క్యూస్ అను న్యాయవాది పట్టిన చేపల కడుపులలోని మేతను వెలికిదీసి చూచి, అందు రెక్కలురాని పిల్లపురుగులే మెండుగ నుండుట గమనించినాడు. 1910లో ఆయన వ్రాసిన పుస్తకము మునుగు ఈగకు మరల గౌరవము తెచ్చినది. సాక్ష్యము స్క్యూస్ పక్షమున నున్నది. నీటి పురుగుల జీవితము చూచినను అంతే. మేఫ్లై అను ఏకాహ పురుగు నీటి అడుగున పిల్లపురుగుగ నెలలకొలది, కొన్ని జాతులలో సంవత్సరమునకు పైగ, జీవించి, రెక్కలు వచ్చిన పిదప ఒకటి రెండు దినములు మాత్రమే బ్రతుకును. రెక్కల దశలో అది తినదు; తినుటకు తగిన నోరే ఉండదు. రెక్కలు వచ్చిన పిదప మరల ఒకసారి కుబుసము విడుచు కీటకము ఇదొక్కటియే. చేప దృష్టితో చూచిన, సంవత్సరమంతయు అడుగున దొరకు మేత ఇది. పైన దొరకునది ఒక్క పూట విందు. అందుచే నీలగిరి వాగులకు పోవువాడు ముందు చేయదగినపని, అడుగురాళ్ళు నాలుగు ఎత్తి వాని క్రింద ఏ పురుగులు అంటియున్నవో చూచుట. కొలత మొదట సరిపడవలెను, తరువాత ఆకారము, రంగు ఆపైన. సాయంకాలపు వెలుగులో ఆకాశమునకు ఎదురుగ చూచు చేపకు ఈగ నల్లని నీడగనే కనబడును గదా.

ఈగను విసరుట వేరొక చిత్రము. మామూలు గాలమునందు సీసపు గుండు ముందుపోయి దారమును లాగికొనిపోవును. ఈగకు బరువు లేదు. కావున ఇక్కడ దారమే బరువైనది. 5 సంఖ్య దారపు తొలి 9 మీటర్లు 9 గ్రాములు తూగును. ఈగకు నూరు రెట్లకు పైమాట. కర్రను వెనుకకు, ముందునకు ఊపినప్పుడు దారము మడతపడి, ఆ మడత ముందునకు దొర్లిపోవును. దొర్లినకొలది కదలుచున్న దారపు పొడవు తగ్గును. శక్తి అంతయు ఆ మిగిలిన కొద్దిభాగమున చేరును గనుక కొన వేగమెత్తును. ఎద్దులబండివాని చెర్నకోల కొన ఛెళ్ళుమనుట ఈ కారణముననే. ఆ కొన ధ్వనివేగమును మించును. ఈగదారమునకు ఆ ఆర్భాటము పనికిరాదు. దారము కొనవైపు సన్నగిల్లుచు పోవుటయు, గాలి నిరోధమును కలసి వేగమును తగ్గించి, ఈగను దూదిపింజవలె నీటిపై దింపవలెను. దిగిన తరువాత అది నీటితోపాటే పోవలెను. దారము బిగిసి ఈగను ప్రవాహమునకు అడ్డముగ ఈడ్చినచో వెనుక చార ఏర్పడును; ట్రౌటు దానిని తాకదు.

చెరువున ప్రవాహము లేదు. అచ్చట ఊరకయున్న ఈగ ఎండుటాకు, కదలినదే ప్రాణి. వానల ఉసిళ్ళ పూటలందు పరకలు, జిలేబి చేపలు చిన్న ఈగను అందుకొనునుగాని, హైదరాబాదు పరిసరముల గాలపువేటగాండ్రు కోరునది కొరమీను. దానికి వారు బోలు రబ్బరు కప్పను వాడుదురు. గాలపు మొనలు కప్ప వీపునకు ఆనుకొని పైకి తిరిగి యుండుటచే గడ్డిలోను తామరాకులపైనను చిక్కుకొనక జారిపోవును. చేప నోట కరచినప్పుడు మెత్తని రబ్బరు నలిగి మొనలు బయటపడును. యంత్రముగ చూచిన ఇది ట్రౌటు ఈగకన్న తెలివైన కల్పన.

అయితే ఈ కప్పతో ఒక అన్యాయము సులభముగ జరుగును. కొరమీను వానకాలమున గట్టు ప్రక్క లోతులేని నీటిలో గడ్డి తొలగించి గూడు చేసి గ్రుడ్లు పెట్టును. తేలు గ్రుడ్లను, పిదప పిల్లలను తల్లిదండ్రులు కాచును; కావలి భారము తరచు మగచేపది. వందలకొలది పిల్లలు నారింజవన్నె మబ్బువలె గుంపుగట్టి నీటిపై ఆడుచుండును. వానిక్రిందనే పెద్దచేప పొంచియుండును. ఆ సమయమున అది ఆకలితో కాదు, రోషముతో కరచును. గుంపుమీదికి వచ్చు కప్ప తన పిల్లలకు శత్రువు. కాబట్టి ఎర్రనిగుంపు కనబడినచోట రబ్బరుకప్పను విసరినచో చేప దాదాపు తప్పక పడును. ఇందు వేటగాని నేర్పు ఏమియు లేదు. కావలి తొలగిన గుంపును జెల్లలు, నీటిపాములు, కొంగలు కొద్దికాలములో ఖాళీ చేయును. ఒక్క చేపను పట్టినందుకు చెరువు వందల చేపపిల్లలను కోల్పోవును.

ఆ నష్టము మొదట తగులునది చెరువుపై బ్రతుకు మత్స్యకారులకు. తెలంగాణలో చెరువులలోని చేపలపై హక్కు సాధారణముగ స్థానిక మత్స్యకార సహకార సంఘములకు కౌలుగ ఇవ్వబడును; సరదాకు గాలము వేయువాడు వారి అనుమతి పొందవలెను. అనుమతి ఇచ్చువారిని ఏ మూల పిల్లగుంపులు ఉన్నవో అడిగినచో వారు చెప్పగలరు. ఆ మూలను విడిచి మిగిలిన గట్టంతయు తిరుగవచ్చును. గాలపు ముల్లును పట్టుకారుతో నొక్కి చదును చేసికొన్నచో, పొరపాటున పడిన కావలి చేపను నోరు చీరకుండ విడిపించి వెంటనే ఆ చోటనే నీటిలో విడువవచ్చును. పిల్లలు కొన్ని వారములలో పెరిగి, నారింజవన్నె మాసి, మట్టిరంగు తిరిగి, గుంపు చెదరి గడ్డిలోనికి పోవును. అటుపిమ్మట పెద్దచేప మరల ఒంటరిగ, ఆకలితో, తామరాకుల క్రింద పొంచియుండును.